మధ్యమ పురుషలో సందేహం

పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో, మొసలి పట్టు విడిపించుకోలేక మడుగులో కూలబడబోతున్న గజేంద్రుడనే ఏనుగు చేత కవి ఒక చిన్న కంద పద్యం చెప్పించాడు. దేవుడు అసలు ఉన్నాడో లేడో అన్న అనుమానంతో ఆ పద్యం ముగుస్తుంది. వాదన కోసం నిలబెట్టిన ఏ పూర్వపక్షి నోటో ఈ మాట వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు. వైకుంఠం నుంచి విష్ణువును పరుగున రప్పించబోయే భక్తుడి నోట, అదీ స్తోత్రం నడిమధ్యలో వచ్చింది. ఆ పద్యాన్నే మన ఇళ్లలో పిల్లలకు నేర్పుతారు, పారాయణలో కళ్లకద్దుకుని చదువుతారు. పెద్దలు దీన్ని సాధారణంగా రెండు విధాలుగా సమర్థిస్తారు. ప్రాణం మీదికి వచ్చినవాడి మాట కనుక పట్టించుకోనక్కర్లేదన్నది ఒకటి. అదొక మెట్టు మాత్రమేనని, దాన్ని దాటి శరణాగతి చేశాకనే హరి కదిలాడని రెండోది. ఈ రెండోదే ఎక్కువ ప్రచారంలో ఉంది, ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. కానీ పద్యాల వరసను, నడకను, క్రియలు ఏ పురుషలో ఉన్నాయన్న సంగతిని దగ్గరగా చూస్తే రెండు సమర్థనలూ నిలవవని నా వాదన. గజేంద్రుడి సందేహం శరణాగతితో తీరలేదు. అంతకుముందు దేవుడి గురించి పడిన అనుమానాన్ని ఆ తర్వాత దేవుడితోనే చెప్పుకున్నాడు. ఈ తేడా కథను చెప్పుకుంటే అందదు, పద్యాలను వరసగా చదివితేనే అందుతుంది.

ముందు మూలం సంగతి. వ్యాస భాగవతంలో గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజు, అగస్త్యుడి శాపం వల్ల ఏనుగుగా పుట్టాడు. మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడి, ఇక తన వల్ల కాదని తేలాక, వెనకటి జన్మలో నేర్చిన జపాన్ని మనసు నిలిపి చెబుతాడు. ఆ సంస్కృత స్తుతిలో పరమాత్మ ఉనికి మీద అనుమానం ఎక్కడా లేదు. ఎవరిలో ఈ జగత్తు ఉంది, ఎవరి నుంచి వచ్చింది, ఎవరి వల్ల నడుస్తోంది అంటూ పేరు పెట్టకుండా, నిశ్చయంగా సాగిపోతుంది. 15వ శతాబ్దిలో పోతన దీన్ని తెలుగు చేసినప్పుడు ఈ పేరులేని స్తుతిని అలాగే నిలిపాడు. మొదటి ఉత్పలమాల అంతా ‘ఎవ్వడు’ అన్న సర్వనామం విభక్తుల మీద నడుస్తుంది. అయితే సంస్కృతంలో సంబంధం చెప్పే సర్వనామం వేరు, ప్రశ్న అడిగే సర్వనామం వేరు. తెలుగులో రెండు పనులూ ‘ఎవ్వడు’ ఒక్కటే చేస్తుంది. వ్యాసుడి ఏనుగు ‘ఎవడైతే’ అన్న అర్థంలో చెప్పుకుపోయిన ప్రతి మాటా పోతన ఏనుగు నోట ‘ఎవడు?’ అన్న ప్రశ్నలాగా కూడా వినబడుతుంది. పద్యం చివర ‘వాడు’ అని ముడి పడేదాకా చెవికి అది స్తుతో ప్రశ్నో తేలదు. తర్వాత రాబోయే సందేహం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, స్తోత్రం మొదటి అక్షరంలోనే దాని విత్తు ఉంది. ఇంకొక సంగతి కూడా ఇక్కడే గమనించాలి. ఈ మొదటి పద్యం ముగింపులోనే శరణు వేడుతున్నానన్న మాట ఉంది. అంటే శరణాగతి సందేహానికి ముందే నోటికి వచ్చింది. కాకపోతే అది ‘వాడిని’ శరణు వేడటం. ఎదుట ఎవరూ లేరు. ఎక్కడో ఉన్నవాడి గురించి చెబుతున్న మాట అది.

ఇక సందేహ పద్యం. కందం మన ఛందస్సులో చిన్నది, చాలా కట్టుదిట్టమైనది. నాలుగు మాత్రల గణాలు మొదటి, మూడో పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి ఉంటాయి. మొత్తం 64 మాత్రలు. నాలుగు పాదాలకూ ప్రాస తప్పనిసరి, రెండు, నాలుగు పాదాల్లో నాలుగో గణం తొలి అక్షరానికి పాదం తొలి అక్షరంతో యతి, ఆ పాదాల చివరి అక్షరం గురువు. ఈ నియమాలు తెలిసినవాళ్లకు పోతన చేసిన పని విస్మయం కలిగిస్తుంది. ‘ఉన్నాడు’ అన్న అర్థమిచ్చే ఒకే క్రియతో నాలుగు పాదాలనూ మొదలుపెట్టాడు. ప్రాస నియమం ఆ ఒక్క మాటతోనే నాలుగుసార్లూ తీరిపోయింది. మొదటి మూడు పాదాల్లోనూ ఆ క్రియ వెంట ‘అని అంటారు’ అన్న అర్థం గల మాట తగిలించి ఉంది. అంటే అవి మూడూ లోకుల సాక్ష్యాలు. దీనుల పక్కన ఉంటాడన్నది ఒక సాక్ష్యం, పరమయోగుల దగ్గర ఉంటాడన్నది రెండోది, దిక్కులన్నిటా ఉంటాడన్నది మూడోది. పరిధి పాదం పాదానికీ పెరుగుతోంది, నమ్మకం మాత్రం పెరగడం లేదు. ఎందుకంటే చెప్పినవాళ్లందరూ పరులే. నాలుగో పాదంలో ఉన్నాడు ఉన్నాడని రెండుసార్లు ఒత్తి పలికి, ఆ పేరు మోస్తున్నవాడు ఉన్నాడో లేడోనన్న ప్రశ్నతో ఆగిపోతాడు. మొత్తం పద్యంలో ‘ఉన్నాడు’ ఆరుసార్లు వస్తే ‘లేడు’ ఒక్కసారే వస్తుంది, అదీ చిట్టచివర. ఇప్పుడు యతిని చూడండి. నాలుగో పాదం తొలి మాట నిశ్చయంగా పలికిన ‘ఉన్నాడు’. దానితో యతి మైత్రి కుదుర్చుకున్న మాట అదే క్రియ, ఈసారి అనుమానపు ‘ఓ’ తగిలించుకుని ఉంది. నమ్మకాన్నీ శంకనూ ఒకే అక్షరంతో ముడివేసి ఒకే పాదంలో కూర్చోబెట్టాడు కవి. ఆపైన, గురువు ఉండి తీరాల్సిన ఆఖరి స్థానంలో ఆ ‘ఓ’కారమే దీర్ఘంగా నిలిచింది. పద్యం పాడేవాడు ఎంతసేపు రాగం తీస్తే అంతసేపూ సందేహమే మోగుతుంది. దీన్ని తొందరలో నోరుజారిన మాట అనడానికి వీల్లేదు. ఇంత నిబ్బరంగా కూర్చిన సందేహం మన పద్య సాహిత్యంలో అరుదు.

వెంటనే వచ్చే సీసం ఈ శంకను మరో దారిలో నడిపిస్తుంది. సీసం పెద్ద పద్యం. ఆరు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు గల పొడుగాటి పాదం రెండు భాగాలుగా విరిగి నడుస్తుంది. ఆ విరుపును పోతన వాదనకు వాడుకున్నాడు. ఒక భాగంలో తన విషయమై ఒక ప్రశ్న, రెండో భాగంలో ఆయనకు లోకం ఆపాదించిన గుణం. చూపు గురించిన పాదం ఒకటి ఇందులో ఉంది. ‘చూచు’ ధాతువు వ్యతిరేకంగా, క్త్వార్థంగా, విశేషణంగా రూపం మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వస్తుంది. బయటి చూపులు మాని నీవైపే చూసేవాళ్లను దయతో చూస్తావన్న పేరున్నవాడివి నా అవస్థ ఎందుకు చూడవన్నది దాని సారాంశం. ఈ సారాంశం రాసేటప్పుడు ‘నీవు’ అన్న మాట దొర్లింది, ఎందుకంటే ఆ వేదన అలాంటిది. కానీ పోతన పద్యంలో అది లేదు. సీసం మొత్తం ‘వాడు’ మీదే నడుస్తుంది. వినడా, చూడడా, తలచడా, రాడా అని గీతంలో వరసగా అడిగేది కూడా మూడో మనిషి గురించే. ఇంత ఆవేదన పొంగుతున్నా ఏనుగు ఇంకా దేవుడికి ఎదురుగా తిరగలేదు.

ఆ తిరగడం శార్దూల విక్రీడితంలో జరుగుతుంది. పందొమ్మిది అక్షరాల ఈ పాదం మూడు గురువులతో మొదలవుతుంది, బరువుగా అడుగు వేస్తుంది. పోతన ఇందులో చిన్న చిన్న వాక్యాలను పేర్చాడు. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు తావు తప్పాయి, మూర్ఛ వచ్చింది, దేహం అలసింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క కర్తతో నడిచే వాక్యం. సంస్కృత సమాసాలు అలవోకగా పోసే కవి ఇక్కడ వాటిని పక్కనపెట్టి, ఊపిరి అందని మనిషి మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా పలికించాడు. ఈ ముక్కల్లో ‘నేను’ కర్తగా కనబడదు, శరీరం, ప్రాణం, ధైర్యం ఒక్కొక్కటే విడిపోతున్నాయి. అన్నీ పోయాక మిగిలిన చోట మొట్టమొదటిసారి ‘నీవు’ వస్తుంది, దాని వెంటే సంబోధనలు, రమ్మనీ కాపాడమనీ ప్రార్థనలు. ఇదే శరణాగతి ఘట్టం. మెట్టు వాదం ప్రకారం ఇక్కడితో సందేహం అణగిపోవాలి, కథ ముగింపుకు రావాలి.

కానీ పోతన ఇక్కడ ఇంకొక కందం రాశాడు. ఉపన్యాసాల్లో దీన్ని ఎక్కువగా దాటేస్తారు, నా దృష్టిలో ఘట్టం మొత్తానికి ఇదే గుండె. దీని కట్టు ముందటి కందానికి తోబుట్టువు. అక్కడ నాలుగు పాదాలకూ ఒకే క్రియ మొదలైతే, ఇక్కడ నాలుగు పాదాలూ ఒకే తీరున ముగిసే నాలుగు క్రియలతో మొదలవుతాయి. జీవుల మాట వినడం, పోరాని చోట్లకు పోవడం, పిలిస్తే పలకడం, సమస్తం చూడటం. అక్కడ ‘అంటారు’ ఉన్న చోట ఇక్కడ ‘అట’ ఉంది. అంటే ఇవీ వినికిడి మాటలే, లోకుల సాక్ష్యాలే. కానీ క్రియలు మధ్యమ పురుషలో ఉన్నాయి. వింటావట, పోతావట, పలుకుతావట అని నేరుగా ఆయన మొహం మీదే చెబుతున్నాడు. ఆ తర్వాత, నాలుగో పాదం నడుమ, సందేహం కలిగిందని ఏ మరుగూ లేకుండా పేరు పెట్టి ఒప్పుకుంటాడు. మొదటి కందంలో సందేహం ప్రశ్న రూపంలో ఉంది, ఇక్కడ అది ప్రకటన. శరణు వేడిన మరుక్షణమే అది ఇంకా స్పష్టంగా బయటపడింది. మరి ఈ పద్యం ఎలా ముగుస్తుంది? ముందటి కందంలో ఆఖరి గురువు స్థానంలో ‘ఓ’ అన్న శంక నిలిచిన చోటనే ఇక్కడ దయాసముద్రుడా అని పిలిచే సంబోధన దీర్ఘం నిలిచింది. అదే ఛందస్సు, అదే స్థానం, అదే సాగదీత. అప్పుడు ఆ చోట ప్రశ్న మోగింది, ఇప్పుడు పిలుపు మోగుతోంది. యతి చూసినా అంతే. సమస్తం చూడటమన్న క్రియతో కరుణ అన్న మాటకు మైత్రి కుదిరింది, ఆ రెంటికీ మధ్యన సందేహం కూర్చుని ఉంది. చూపుకూ దయకూ నడుమ దానికి చోటిచ్చాడు కవి, పద్యం బయటికి నెట్టలేదు.

దీని మీద శాస్త్రం నుంచి గట్టి ఆక్షేపణే వస్తుంది. భగవద్గీత నాలుగో అధ్యాయం సంశయాత్ముడు నశిస్తాడని తేల్చి చెప్పింది. శ్రీవైష్ణవ సంప్రదాయం శరణాగతికి చెప్పే ఆరు అంగాల్లో మహావిశ్వాసం ఒకటి, ఆయన తప్పక రక్షిస్తాడన్న చెక్కుచెదరని నమ్మకం. శార్దూల పద్యంలో తన దైన్యాన్ని ఒప్పుకోవడమనే కార్పణ్యం ఉంది, రక్షకుడిగా ఉండమని కోరే గోప్తృత్వ వరణం ఉంది, విశ్వాసం మాత్రం తర్వాతి పద్యంలోనే బీటలు వారిందంటే ఆ శరణాగతి పూర్తి కానట్టే కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేను. కానీ గీతలో ఆ శ్లోకం సంశయాత్ముణ్ణి ఒంటరిగా నిలబెట్టలేదు, తెలివిడి లేనివాడినీ శ్రద్ధ లేనివాడినీ పక్కనే నిలబెట్టింది. శ్రద్ధ లేని సంశయం గురించి చెప్పిన మాట అది. అదే గీత ఆరో అధ్యాయంలో, యోగం నుంచి జారిపోయినవాడి గతి ఏమిటన్న శంక అర్జునుడికి కలిగినప్పుడు, దీన్ని ఛేదించగలవాడివి నువ్వు తప్ప ఇంకొకడు లేడని కృష్ణుడితోనే అంటాడు. కృష్ణుడు ఆ శంకకు నశిస్తావని జవాబివ్వలేదు, ఓపిగ్గా సమాధానం చెప్పాడు. సందేహం పోయిందని అర్జునుడు చెప్పేది పద్దెనిమిదో అధ్యాయం చివర. అంటే గీత మొత్తం, సందేహిస్తూనే శిష్యుడై కూర్చున్నవాడితో సాగిన సంభాషణ. ఎవరితో చెప్పుకుంటున్నాడన్నదే శ్రద్ధకు ఆనవాలు. గజేంద్రుడి రెండో కందం ఆ ఆనవాలును వ్యాకరణంలో చూపిస్తుంది. నమ్మకం లేనివాడు దయాసముద్రుడా అని పిలవడు. విశ్వాసమంటే శంక రాకపోవడమే అనుకుంటే గజేంద్రుడు తప్పిపోతాడు. శంక వచ్చినప్పుడు కూడా ఆయన వైపే తిరిగి ఉండటం విశ్వాసమనుకుంటే అతడి శరణాగతిలో ఏ అంగమూ లోపించలేదు.

కవిత్వం వైపు నుంచి వచ్చే ఆక్షేపణ వేరు. ఛందస్సు నియమం వల్ల వచ్చిన గురువుకు వేదాంతం అంటగట్టడం సబబేనా? ప్రాస కోసం దొరికిన మాట, యతి కోసం కుదిరిన అక్షరం, వీటికి ఇంత బరువు మోసే శక్తి ఉందా? కందంలో చివర గురువు ఎవరు రాసినా ఉంటుంది, నిజమే. కానీ నియమం చోటును మాత్రమే నిర్ణయిస్తుంది, ఆ చోట ఏది నిలబెట్టాలన్నది కవి ఇష్టం. ఆ స్థానంలో వేలాది కందాల్లో విభక్తి ప్రత్యయాలో, సమాసం తోకలో, సంబోధనలో ఉంటాయి. పోతన ఒకే ఘట్టంలో, కొద్ది పద్యాల ఎడంలో, వినికిడి మాటలతో కట్టిన రెండు కందాలు రాసి, ఒకదాని చివర శంకనూ రెండోదాని చివర పిలుపునూ నిలిపితే దాన్ని కాకతాళీయం అనడం కష్టం. అయినా నా వాదన కవి మనసులో ఏముందన్న దాని మీద ఆధారపడలేదు. అతను అనుకుని చేసినా, చెవి దారి చూపగా చేసినా పద్యం చెబుతున్నది అదే. నా వాదనకు కొంత అడ్డు తగిలే సంగతి ఒకటుందని కూడా చెప్పాలి. సంబోధనలతో నిండిన ఉత్పలమాల ఒకటి వచ్చాక, ఏనుగు ఆకాశం వైపు నిక్కి చూస్తూ, ఈశ్వరుడు నన్ను కాచుగాక అనుకునే గద్యం వస్తుంది. అక్కడ ప్రథమ పురుష మళ్లీ తొంగిచూసింది. కానీ అది పిలవడం అయిపోయాక ఎదురుచూస్తున్నవాడు తనలో తాను అనుకునే మాట, పైగా అందులో శంక లేదు, కోరిక ఉంది. ఆ ఉత్పలమాలలో పెద్ద పెద్ద సంస్కృత సంబోధనల నడుమ ‘కుయ్యో’ అన్న అచ్చమైన ఆర్తనాదం ఒకటి దూర్చాడు పోతన. స్తోత్రం మొరగా మారిన చోటు అది.

మొరకు జవాబు ఎలా వచ్చిందో చూడాలి. బ్రహ్మ మొదలైన దేవతలు విని ఊరుకున్నారని, తాము విశ్వమయులు కారు కనుక కదలలేదని ఆటవెలదిలో పోతన చెప్పాడు, మూలంలోనూ ఈ మాట ఉంది. పేరు పెట్టని పిలుపు ఏ ఒక్క పేరుకో పరిమితమైనవాళ్లకు చెందదు. వ్యాసుడు హరి రాకను చెప్పేటప్పుడు ఛందోమయుడైన గరుడుడి మీద, చక్రం పట్టి వచ్చాడంటాడు. వేద ఛందస్సులే రూపుకట్టిన పక్షి మోసుకొచ్చింది. పోతన హరి గరుడుణ్ణి సిద్ధం చేయించలేదు, ఉన్నపాటున లేచి బయల్దేరాడు. తెలుగులో ఆయన్ను మోసినది మత్తేభ విక్రీడితం. ఏనుగు శరణు వేడిన శార్దూలాన్నీ, హరి పరుగును చెప్పిన మత్తేభాన్నీ పక్కపక్కన పెట్టి గురులఘువులు రాసి చూడండి. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే మత్తేభం వస్తుంది, మిగతా పద్దెనిమిది అక్షరాల నడకా అచ్చంగా ఒకటే. మడుగులో కూలబడబోతున్నవాడు బరువుగా ఈడ్చిన తొలి అడుగు, వచ్చేవాడి దగ్గర రెండు తేలిక అడుగులైంది. ఈ రెండు వృత్తాలూ ప్రతి కావ్యంలో దొరికేవే కనుక దీని మీద వాదన కట్టను. కానీ వరసగా చదివే చెవికి ఒకే నడక మళ్లీ వినబడుతుంది. వ్యాకరణం ఇచ్చే సాక్ష్యం ఇంకా గట్టిది. పిల్లలకు కూడా నోటికొచ్చిన ఆ మత్తేభంలో హరి చేసిన పనులు కనబడవు, చేయనివే కనబడతాయి. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, పరివారాన్ని పిలవడు, జారిన జుట్టు సవరించుకోడు, చేతిలో ఉన్న చెంగునైనా వదలడు. అన్నీ వ్యతిరేక క్రియలు, అన్నీ ‘లేడు’ అన్న మాట ఎలా ఏర్పడిందో అదే అచ్చున ఏర్పడినవి. సందేహ పద్యంలో ఒకే ఒక్కసారి, అందరూ ‘ఉన్నాడు’ అంటుండగా, చిట్టచివర వినబడిన ఆ వ్యతిరేక రూపం ఇక్కడ వరసగా మోగుతోంది, ప్రతిసారీ ఆయన రాకనే చెబుతూ. ‘నేనున్నాను’ అన్న మాట ఆ పద్యంలో హరి నోట ఎక్కడా లేదు. గజేంద్రుడు శంకను చెప్పుకున్న వ్యాకరణంలోనే ఆ శంకకు సమాధానం వచ్చింది.